తల లోపలి రక్తనాళం సన్నబడి నాన్నగారికి స్ట్రోక్ వచ్చింది. స్టెంట్ వేయించాలా, మందులు సరిపోతాయా?

#1 చిరుగాలి

అందరికీ నమస్కారం. మా నాన్నగారికి అరవై దాటాయి. బీపీ, షుగర్ చాలా ఏళ్ళ నుంచీ ఉన్నాయి. పోయిన వారం పొద్దున్నే చొక్కా తొడుక్కుంటుంటే కుడి చేతి వేళ్ళకి గుండీ దొరకలేదు. పట్టుకుంటారు, జారిపోతుంది, మళ్ళీ పట్టుకుంటారు. అమ్మ "ఏమైందండీ" అంటే ఏదో చెప్పబోయారు గానీ మాట ముద్దగా వచ్చింది. వెంటనే హాస్పిటల్‌కి తీసుకెళ్ళాం.

సీటీలో రక్తస్రావం లేదన్నారు. ఎంఆర్ఐలో మెదడు ఎడమ పక్కన చిన్న చిన్న మచ్చలు చాలా ఉన్నాయట. యాంజియో (రక్తనాళాల స్కాన్) రిపోర్టులో "ఎడమ మిడిల్ సెరిబ్రల్ ఆర్టరీ 80 శాతం సన్నబడింది" అని రాశారు. అది మెదడుకి రక్తం ఇచ్చే పెద్ద నాళాల్లో ఒకటట. మెడలోని నాళాలు, గుండె బాగానే ఉన్నాయట. ఇప్పుడు మాట చాలావరకు వచ్చేసింది, చేతికి మాత్రం పట్టు తక్కువగా ఉంది. రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, కొలెస్ట్రాల్‌కి అటోర్వాస్టాటిన్, ఇంకా బీపీ, షుగర్ మందులు రాసి ఇంటికి పంపించారు.

ఇంట్లో ఇప్పుడు పెద్ద చర్చ అదే. "గుండెలో 80 శాతం పూడితే స్టెంట్ వేయకుండా వదులుతారా? మెదడు విషయంలో మాత్రలిచ్చి పంపిస్తే ఎలా? ఇంకో చోట చూపిద్దాం" అని బాబాయి పట్టుబడుతున్నారు. రాత్రిళ్ళు నాన్నగారి గదిలోకి తొంగి చూస్తూ కూర్చుంటున్నాను. తెలిసినవాళ్ళు చెప్పండి, మేం చేస్తున్నది సరైనదేనా?

#2 తెల్లకోటు

చిరుగాలి గారూ, నేను నరాల వైద్యుడిని. మీ నాన్నగారిని చూడలేదు, స్కాన్లు చూడలేదు కాబట్టి నిర్ణయం మీ డాక్టర్‌దే. ఈ జబ్బు గురించి చెప్పగలను.

పక్షవాతాల్లో ఎక్కువ శాతం రక్తనాళం మూసుకుపోవడం వల్ల వచ్చేవే. ఆ మూసుకుపోవడం మూడు చోట్ల నుంచి రావచ్చు. గుండెలో గడ్డ కట్టి పైకి ఎగిరి రావచ్చు. మెడలోని కెరోటిడ్ నాళంలో కొవ్వు పేరుకుని రావచ్చు. లేదా పుర్రె లోపలికి వెళ్ళాక, మెదడుకే చెందిన పెద్ద నాళాల గోడలో పూడిక ఏర్పడవచ్చు. మీ నాన్నగారిది మూడోది. ఆసియా, ఆఫ్రికా మూలాలున్నవాళ్ళలో ఇది ఎక్కువ. ప్రపంచం మొత్తం మీద స్ట్రోక్‌కి అతి సాధారణమైన కారణాల్లో ఇదొకటి. అయినా బయట చర్చంతా గుండె గురించి, మెడ నాళాల గురించి నడుస్తుంది. ఇది పేషెంట్లకి చాలా తక్కువగా వివరించే జబ్బు, అది నాకు బాధ కలిగించే విషయం.

సన్నబడిన చోట స్ట్రోక్ ఎలా వస్తుందంటే, పూడిక పైపొర చిట్లితే అక్కడ రక్తం గడ్డ కడుతుంది. అందులోంచి చిన్న ముక్కలు ఊడి ముందుకు పోయి సన్నటి కొమ్మల్లో ఇరుక్కుంటాయి. ఎంఆర్ఐలో ఒకే నాళం పరిధిలో చిన్న చిన్న మచ్చలు చాలా కనబడటానికి తరచుగా ఇదే కారణం. రెండోది, ఆ నాళం గోడ నుంచి వెంట్రుకల్లా పుట్టే కొమ్మల మొదలునే పూడిక మూసేయడం. మూడోది, అవతలికి వెళ్ళే రక్తం చాలక, బీపీ పడిపోయినప్పుడు చివరి ప్రాంతాలు ఎండిపోవడం. ఒకే మనిషిలో రెండు మూడు కలిసి కూడా జరుగుతాయి.

ఒక మాట గట్టిగా చెప్తాను. "మాత్రలిచ్చి పంపారు" అని తక్కువగా అనుకోకండి. ఈ జబ్బులో అసలు వైద్యం ఆ మాత్రలే.

#3 వేగుచుక్క

డాక్టర్ గారి మీద గౌరవంతోనే రాస్తున్నాను. మా పెదనాన్నకి ఇదే జబ్బు వస్తే తల లోపల స్టెంట్ వేశారు. ఇప్పుడు ఆయన పనులు ఆయనే చేసుకుంటున్నారు. 80 శాతం పూడిపోయిందని కళ్ళకి కనిపిస్తుంటే మందులు దాన్ని కరిగిస్తాయా? చెల్లీ, నీ స్థానంలో నేనుంటే కనీసం ఇంకో ఇద్దరు డాక్టర్లని అడుగుతాను.

#4 తెల్లకోటు

వేగుచుక్క గారూ, మీ పెదనాన్నగారు బాగున్నందుకు సంతోషం. రెండో అభిప్రాయం తీసుకోమనే నేనూ అంటాను. కానీ మీరడిగిన ప్రశ్న వైద్యులు కూడా చాలా ఏళ్ళు వేసుకున్నదే. పూడిందని కనబడుతోంది కదా, తెరిస్తే సరిపోదా అని. దానికి జవాబు కోసం పెద్ద పరిశోధనలు చేశారు, వచ్చిన ఫలితం అందరినీ ఆపేసింది.

2011లో సామ్‌ప్రిస్ అనే అమెరికా పరిశోధన ఫలితాలు వచ్చాయి. 70 నుంచి 99 శాతం దాకా సన్నబడిన 451 మందిని రెండు వర్గాలు చేశారు. ఒక వర్గానికి మందులు, రెండో వర్గానికి అవే మందులతో పాటు స్టెంట్. మొదటి 30 రోజుల్లో స్ట్రోక్ గానీ మరణం గానీ స్టెంట్ వర్గంలో 14.7 శాతం, మందుల వర్గంలో 5.8 శాతం. కొత్తవాళ్ళని చేర్చుకోవడం మధ్యలోనే ఆపేశారు. మూడేళ్ళ దాకా చూసినా మందుల వర్గమే మెరుగ్గా ఉంది. తర్వాత 2015లో విసిట్ అనే ఇంకో పరిశోధనలోనూ స్టెంట్ వర్గానికే నష్టం ఎక్కువ. 2022లో చైనాలో చేసిన కాసిస్‌లో పేషెంట్లని జాగ్రత్తగా ఏరి, అనుభవమున్నవాళ్ళ చేతే స్టెంట్లు వేయించారు. అప్పుడు హాని తగ్గింది గానీ, మందుల కంటే అదనపు లాభం మాత్రం తేలలేదు.

గుండెలో పనిచేసింది ఇక్కడెందుకు పనిచేయదంటే, నాళమే వేరు. మిడిల్ సెరిబ్రల్ ఆర్టరీ వెడల్పు సుమారు మూడు మిల్లీమీటర్లు. గోడ పల్చన. చుట్టూ కండరం ఉండదు, మెదడు చుట్టూ ఉండే నీటిలో వేలాడుతూ ఉంటుంది. చిరిగితే ఆపే ఆసరా లేదు. దానికి తోడు, ఇందాక చెప్పిన వెంట్రుకల్లాంటి కొమ్మలు ఆ గోడ నుంచే పుడతాయి. కాలువలో పూడికని పక్కలకి నొక్కితే ఆ బురద పోయి పిల్లకాలువల తూముల్ని మూసినట్టు, స్టెంట్ తెరుచుకున్నప్పుడు పూడిక ఆ కొమ్మల్లోకి పోతుంది. ప్రధాన నాళం ఫొటోలో అందంగా తెరుచుకుంటుంది, పేషెంట్‌కి మాత్రం కాలూ చేయీ పడిపోవచ్చు.

అంటే ఎప్పటికీ వద్దని కాదు. మందులు సరిగ్గా వాడుతున్నా అదే నాళం పరిధిలో మళ్ళీ స్ట్రోక్ వస్తుంటే అప్పుడు ఆలోచిస్తారు. 2024లో బేసిస్ అనే చైనా పరిశోధన వచ్చింది. అందులో స్టెంట్ కాకుండా చిన్న బెలూన్‌ని పూర్తిగా ఉబ్బించకుండా, నెమ్మదిగా తెరిచారు. 501 మంది. మొదటి నెలలో స్ట్రోక్, మరణంతో పాటు ఏడాది లోపు అదే నాళం వల్ల వచ్చిన ఇబ్బందులన్నీ కలిపి చూస్తే బెలూన్ వర్గంలో 4.4 శాతం, మందుల వర్గంలో 13.5 శాతం. ఆశ కలిగించే ఫలితమే. అయితే ఆ ప్రక్రియలో 14.5 శాతం మందికి నాళపు లోపొర చీలింది. చేతి నైపుణ్యం మీద చాలా ఆధారపడే పని అది. కాబట్టి మీ డాక్టర్‌ని "స్టెంట్ ఎందుకు వేయలేదు" అని కాకుండా "మందులు వాడుతుండగా మళ్ళీ వస్తే తర్వాత ఏం చేస్తారు, ఎక్కడ చేస్తారు" అని అడగండి.

#5 మర్రినీడ

చిరుగాలీ, మా అమ్మకి కూడా ఇదే. ఆవిడది కుడి కాదు, ఎడమ చెయ్యి. ఎవరూ చెప్పని ఒక లక్షణం చెప్తాను, గుర్తుపెట్టుకో తల్లీ.

అమ్మ మంచం మీంచి లేచి నిలబడగానే ఎడమ చెయ్యి లయ తప్పి ఊగేది. వేళ్ళ నుంచి మోచేతి దాకా ఒకటే అదురు. కూర్చుంటే ఆగిపోయేది. తెలివిగానే ఉండేది, మాట్లాడుతూనే ఉండేది, "ఇదిగో చూడవే, మళ్ళీ వచ్చింది" అనేది. ఫిట్స్ అనుకుని మొదట ఫిట్స్ మందు ఇచ్చారు, తగ్గలేదు. తర్వాత చూసిన నరాల డాక్టర్ మాత్రం అమ్మని పడుకోబెట్టి బీపీ చూశారు, నిలబెట్టి చూశారు. నిలబడితే బాగా పడిపోతోంది. అప్పుడు తల నాళాల యాంజియో చేయించారు, కుడి పక్క నాళం దాదాపు మూసుకుపోయి ఉంది. బీపీ మందుల వేళలు మార్చి, ఒకటి తగ్గించాక ఆ అదురు పోయింది.

నాన్నగారిని మంచం మీంచి ఒక్కసారిగా లేవనివ్వకు. పక్కకి తిరిగి, కూర్చుని, కాసేపాగి లేవమను. ఎండ దెబ్బ, వాంతులు, విరేచనాలు లాంటివి వస్తే ఆలస్యం చేయకుండా డాక్టర్‌కి ఫోన్ చెయ్యి. ఒంట్లో నీరు తగ్గితే ఈ జబ్బున్నవాళ్ళకి ముప్పు.

#6 చిరుగాలి

మర్రినీడ అక్కా, చదువుతుంటే గుండె ఝల్లుమంది. ఇవాళ్టి నుంచే చూసుకుంటాను.

తెల్లకోటు సార్, ఇక్కడే నాకు అయోమయంగా ఉంది. నాళం సన్నబడితే రక్తం నెట్టడానికి బీపీ కాస్త ఎక్కువే ఉండాలి, తగ్గించకూడదు అని మా బంధువుల్లో ఒకాయన అన్నారు. అక్కేమో బీపీ పడిపోయి ఇబ్బంది వచ్చిందంటున్నారు. హాస్పిటల్లో మొదటి రెండు రోజులు 170 ఉన్నా వాళ్ళేమీ తగ్గించలేదు. ఇప్పుడేమో 130 దగ్గర ఉంచమంటున్నారు. ఏది నిజం?

#7 తెల్లకోటు

రెండూ నిజమే, సమయం తేడా. స్ట్రోక్ వచ్చిన మొదటి గంటల్లో, రోజుల్లో మెదడులో కొంత భాగం చావుకీ బతుకుకీ మధ్య ఉంటుంది. దానికి రక్తం పక్కదారుల్లో అందుతూ ఉంటుంది. అప్పుడు బీపీని దబాల్న దించితే ఆ పక్కదారులు ఆగిపోతాయి. గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇవ్వనివాళ్ళలో 220/120 దాకా కూడా సాధారణంగా కదిలించరు. ఇంజెక్షన్ ఇవ్వాలంటే మాత్రం 185/110 లోపుకి తేవాలి.

ఆ గండం దాటాక లెక్క మారుతుంది. "సన్నటి నాళానికి ఎక్కువ బీపీ కావాలి" అనేది వైద్యులు కూడా చాలాకాలం నమ్మారు. కానీ ఇదే జబ్బు మీద 2005లో వచ్చిన వాసిడ్ అనే పరిశోధన పేషెంట్లని విశ్లేషిస్తే బీపీ ఎక్కువగా ఉన్నవాళ్ళకే మళ్ళీ స్ట్రోకులు ఎక్కువ వచ్చాయి. అందుకే నిలకడైన దశలో పై అంకె 140 లోపు, షుగర్ ఉన్నవాళ్ళకి చాలామంది వైద్యులు 130 దగ్గరికి తెస్తారు. ఒక్కరోజులో కాదు, వారాల మీద. మర్రినీడ గారి అమ్మగారిలా నిలబడితే లక్షణాలు వచ్చేవాళ్ళకి మినహాయింపు ఉంటుంది. కాబట్టి ఇంట్లో బీపీ చూసేటప్పుడు కూర్చున్నది ఒకసారి, లేచి నిలబడ్డాక ఒకసారి రాసి డాక్టర్‌కి చూపించండి. ఆ కాగితం నాలాంటివాడికి చాలా విలువైనది.

కొలిచే పద్ధతి కూడా చెప్తాను, ఎందుకంటే తప్పు అంకెలతో తప్పు మందులు మారుతుంటాయి. ఐదు నిమిషాలు కుర్చీలో వీపు ఆనించి, కాళ్ళు నేల మీద పెట్టి కూర్చోవాలి. పట్టీ వట్టి చేతికే కట్టాలి, చొక్కా మీద కాదు. చెయ్యి బల్ల మీద, గుండె ఎత్తులో ఉండాలి. మాట్లాడకూడదు. నిమిషం తేడాతో రెండుసార్లు చూసి రెండూ రాయండి.

కొలెస్ట్రాల్ సంగతి. చెడ్డ కొలెస్ట్రాల్, అంటే ఎల్‌డీఎల్, 70 కంటే కిందికి తేవాలి. రిపోర్టులో "నార్మల్" అని అచ్చయిన అంకె మామూలు మనుషులది, మీ నాన్నగారిది కాదు. స్టాటిన్ మాత్ర ఎల్‌డీఎల్ తగ్గించడమే కాదు, పూడిక పైపొరని గట్టిపరిచి చిట్లకుండా చూస్తుంది. వేగుచుక్క గారు "మందులు పూడికని కరిగిస్తాయా" అన్నారు. ఎక్కువమందిలో మాయం చేయవు. కొందరిలో కొంత తగ్గుతుంది. కానీ స్ట్రోక్ తెచ్చేది పూడిక ఉండటం కంటే, అది చిట్లడం. చిట్లకుండా నిలిపితే చాలావరకు గెలిచినట్టే.

#8 పాతబాట

నేను పేషెంట్‌ని. నాది మెదడు వెనక వైపు ఉండే బేసిలార్ నాళం. చిరుగాలి గారి నాన్నగారికి వచ్చినట్టు చేతికి పట్టు తప్పడం, మాట ముద్దగా రావడం నాకు లేవు. తల తిరగడం, ఒక మనిషి ఇద్దరిలా కనబడటం, నడుస్తుంటే ఒక పక్కకి తూలిపోవడం. చెవి సమస్య అని మందులిచ్చారు. రెండోసారి వచ్చినప్పుడు మింగుడు పడలేదు, మంచినీళ్ళు పొరమారాయి. అప్పుడు ఎంఆర్ఐ తీశారు.

అందుకే నేను అందరికీ చెప్పేదిదే. మూతి, చెయ్యి, మాట చూడమంటారు, చూడండి. వాటితో పాటు నిలకడ, చూపు కూడా చూడండి. ఒక్కసారిగా వచ్చిన తూలు, ఒక్కసారిగా వచ్చిన రెండు బొమ్మలు కూడా స్ట్రోకే కావచ్చు. ముఖ్యంగా బీపీ, షుగర్ ఉన్నవాళ్ళకి.

సిగరెట్ మానేశాను. మానడం ఎంత కష్టమో నాకు తెలుసు. మానాల్సిందే. మధ్యమధ్య ఒకటి అని ఏమీ ఉండదు.

#9 నీలిమబ్బు

కొత్తగా చేరాను, ఈ చర్చ చూసి అడుగుతున్నాను. మా అత్తగారికి నిన్న మధ్యాహ్నం ఎడమ చెయ్యి తిమ్మిరెక్కి, మాట తడబడింది. పావుగంటలో పూర్తిగా తగ్గిపోయింది. ఇప్పుడు బాగున్నారు, వంట కూడా చేశారు. వచ్చే వారం వేరే పనిమీద డాక్టర్ దగ్గరికి ఎలాగూ వెళ్తాం, అప్పుడు చెప్తే సరిపోతుందా?

#10 తెల్లకోటు

సరిపోదు. ఇప్పుడే, ఈ పోస్టు చదివిన వెంటనే, స్ట్రోక్ చూసే హాస్పిటల్ ఎమర్జెన్సీకి తీసుకెళ్ళండి. తగ్గిపోయింది కాబట్టి ఏమీ లేదనుకోవద్దు. అది మినీ స్ట్రోక్ కావచ్చు. పెద్ద స్ట్రోక్ వచ్చే ముప్పు మొదటి రెండు రోజుల్లోనే అన్నిటికంటే ఎక్కువ. మీకు ఒక రోజు అప్పుడే అయిపోయింది. వెంటనే మందులు మొదలుపెడితే ఆ ముప్పు తగ్గుతుందని 2013లో ఛాన్స్ అనే పరిశోధనలో రుజువైంది. వెళ్ళాక ఇక్కడ చెప్పండి.

#11 వేగుచుక్క

నీలిమబ్బు గారూ, వెళ్ళే ముందు ఒక ఆస్పిరిన్ నమిలించండి, గుండెపోటుకి చేసినట్టు. మంచినీళ్ళు కూడా తాగించండి.

#12 తెల్లకోటు

దయచేసి వద్దు. ఈ తేడా అందరూ తెలుసుకోవాలి. గుండెపోటు అనుమానంలో ఆస్పిరిన్ నమిలిస్తారు, నిజమే. స్ట్రోక్‌లో మాత్రం నాళం మూసుకుందా, చిట్లి రక్తం కారుతోందా అన్నది బయట నుంచి చూసి ఏ డాక్టరూ చెప్పలేడు. సీటీ తీస్తేనే తెలుస్తుంది. రక్తస్రావమైతే ఆస్పిరిన్ హాని చేస్తుంది. నీళ్ళు కూడా వద్దు. మింగే శక్తి తగ్గి ఉంటే ఊపిరితిత్తుల్లోకి పోతాయి, పాతబాట గారు చెప్పారు కదా పొరమారిందని. వేళ్ళకి సూది గుచ్చడం లాంటివి అసలే వద్దు.

లక్షణాలు ఉన్నప్పుడైతే చేయాల్సింది, చివరిసారి మామూలుగా ఎప్పుడు ఉన్నారో గడియారం చూసి రాసుకోవడం, వాడుతున్న మందుల చీటీ పట్టుకోవడం, బయల్దేరడం. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి సాధారణంగా నాలుగున్నర గంటలే గడువు. పెద్ద నాళం మూసుకుంటే తొడ దగ్గర నుంచి సన్నటి గొట్టం పంపి గడ్డని లాగేయడం కొందరిలో 24 గంటల దాకా వీలవుతుంది. నిద్రలో వచ్చినవాళ్ళకి పడుకునే ముందు సమయం నుంచి లెక్క మొదలవుతుంది.

#13 అడుగడుగు

నేను ఫిజియోథెరపిస్ట్‌ని. చిరుగాలి గారూ, నాన్నగారి చేతి గురించి ఎవరూ రాయలేదు కాబట్టి రాస్తున్నాను. మెదడు కోలుకునే వేగం మొదటి మూడు నెలల్లో ఎక్కువ. ఆ తర్వాత ఆగిపోతుందని కాదు, నెమ్మదిస్తుంది. ఇంట్లోవాళ్ళు ప్రేమ కొద్దీ చొక్కా తొడగడం, గుండీలు పెట్టడం, తల దువ్వడం అన్నీ చేసేస్తారు. అదే చేతికి పని లేకుండా చేస్తుంది. పెద్ద గుండీలున్న చొక్కా ఇవ్వండి, ఎంతసేపైనా పెట్టుకోనివ్వండి. వేళ్ళు వంచడం చాలామందికి ముందు వస్తుంది, విప్పడం తర్వాత వస్తుంది. కాబట్టి బంతి పిసకడం ఒక్కటే చేయించకండి. పిడికిలి ఎక్కువ బిగుసుకుపోతుంది. వస్తువు పట్టుకుని వదలడం సాధన చేయించండి. భుజం దగ్గర చెయ్యి పట్టుకుని లాగి లేపకండి, కీలు జారుతుంది.

నడక మానొద్దు. సామ్‌ప్రిస్ పేషెంట్లలోనే తర్వాత చూస్తే, ఒంటికి కదలిక లేనివాళ్ళకే మళ్ళీ ముప్పు బాగా ఎక్కువని తేలింది. ఎంతసేపు, ఎంత వేగం అన్నది బీపీ చూసి డాక్టర్ చెప్తారు.

ఇంకోటి. ఆయన ఊరికే ఏడుస్తున్నా, మాట్లాడటం మానేసినా, వ్యాయామం దగ్గర విసుక్కుంటున్నా "మొండితనం" అనుకోకండి. స్ట్రోక్ తర్వాత డిప్రెషన్ చాలామందికి వస్తుంది, దానికి మందులున్నాయి.

#14 నీలిమబ్బు

అత్తగారిని నిన్న రాత్రే చేర్చాం. ఎంఆర్ఐలో చిన్న మచ్చ ఒకటి కనపడింది, తల లోపల కుడి నాళం సన్నబడిందట. రెండు మాత్రలు మొదలుపెట్టారు. మెలకువగా ఉన్నారు, మాట్లాడుతున్నారు. తెల్లకోటు గారూ, మీకు ఎలా చెప్పాలో తెలియడం లేదు.

#15 చిరుగాలి

నీలిమబ్బు గారూ, చాలా సంతోషం.

ఇవాళ మేమూ డాక్టర్ దగ్గరికి వెళ్ళొచ్చాం. బాబాయిని కూడా తీసుకెళ్ళాను. ఆయన డాక్టర్‌ని సూటిగానే అడిగారు, డాక్టర్ కూడా యాంజియో తెర మీద పెట్టి, సన్నబడిన చోటు దాటాక పైనుంచి పక్కదారుల్లో రక్తం ఎలా అందుతోందో చూపించారు. ఆ పక్కదారులు బాగున్నాయి కాబట్టి మందులతో గట్టిగా వెళ్దాం అన్నారు. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ రెండూ కలిపి మూడు నెలలు, తర్వాత ఒక్కటే, జీవితాంతం. బాబాయి బయటికి వచ్చాక "మాత్రల డబ్బా నేను నింపుతాను" అన్నారు. ఎల్‌డీఎల్ 118 ఉంది, స్టాటిన్ డోసు పెంచారు.

ఒక సందేహం. ఎసిడిటీకి నాన్నగారు ఒమెప్రజోల్ వాడుతున్నారు. అది క్లోపిడోగ్రెల్ పనిని తగ్గిస్తుందని చెప్పి పాంటొప్రజోల్‌కి మార్చారు. ఇది అందరికీ వర్తిస్తుందా? ఇంకా, నాకూ తమ్ముడికీ ఇది వస్తుందా?

#16 తెల్లకోటు

క్లోపిడోగ్రెల్ కాలేయంలోకి వెళ్ళి మారితేనే పనిచేసే మందు. ఆ మార్చే ఎంజైమ్‌ని ఒమెప్రజోల్ అడ్డుకుంటుంది. అందుకే ఆ రెండూ కలపకుండా చూస్తాం. పుట్టుకతోనే ఆ ఎంజైమ్ మందగించి ఉండేవాళ్ళు కూడా ఉంటారు, ఆసియావాసుల్లో ఎక్కువ. మందులు సరిగ్గా వేసుకుంటున్నా మళ్ళీ స్ట్రోక్ వస్తే ఆ జన్యు పరీక్ష గురించి, వేరే మందు గురించి ఆలోచిస్తాం. మలం నల్లగా వచ్చినా, ఒక్కసారిగా తట్టుకోలేని తలనొప్పి వచ్చినా వెంటనే హాస్పిటల్‌కి రావాలి. రెండు మాత్రలు కలిసి ఉన్న కాలంలో రక్తస్రావం ముప్పు ఉంటుంది.

మీకూ తమ్ముడికీ తప్పకుండా వస్తుందని లేదు. బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ కుటుంబాల్లో నడుస్తాయి కాబట్టి ఇద్దరూ పరీక్ష చేయించుకోండి. ఎక్కువుంటే "చిన్న వయసు కదా" అని వదలొద్దు.

#17 మర్రినీడ

చిరుగాలీ, బాబాయి మాత్రల డబ్బా నింపుతానన్నారంటే మంచి మాట. మా అమ్మ విషయంలో పంటి డాక్టర్ దగ్గర గొడవ వచ్చింది. పన్ను తీయాలి, రక్తం పలచబడే మాత్రలు వారం ఆపి రమ్మన్నారు. ఆపాలా వద్దా అని తేలక నేను మా నరాల డాక్టర్‌కి ఫోన్ చేశాను. ఆపొద్దన్నారు. సార్, అది అందరికీ అంతేనా?

#18 తెల్లకోటు

ఒక పన్ను తీయడం లాంటి చిన్న పనికి సాధారణంగా ఆపరు. కాస్త ఎక్కువసేపు దూది అదిమి పట్టాల్సి వస్తుంది, అంతే. పెద్ద ఆపరేషన్ అయితే సర్జన్, నరాల డాక్టర్ ఇద్దరూ మాట్లాడుకుని నిర్ణయిస్తారు. మధ్యలో ఇంట్లోవాళ్ళు గానీ, ఒక్క డాక్టర్ గానీ సొంతంగా ఆపకూడదు. స్ట్రోక్ వచ్చిన మొదటి నెలల్లో మాత్రలు ఆపినప్పుడు మళ్ళీ స్ట్రోక్‌తో వచ్చినవాళ్ళని నేను చూశాను. డిశ్చార్జి కాగితం ఫొటో ఫోన్‌లో పెట్టుకోండి, ఏ డాక్టర్ దగ్గరికి వెళ్ళినా ముందు అది చూపించండి.

#19 చిరుగాలి

ఫొటో తీసి నాన్నగారి ఫోన్‌లో, అమ్మ ఫోన్‌లో, బాబాయి ఫోన్‌లో పెట్టాను. రెండు నెలల తర్వాత ఎల్‌డీఎల్ మళ్ళీ చూడమన్నారు. ఆ రిపోర్టు రాగానే ఇక్కడ రాస్తాను.